సుభద్ర గారి తిట్ల డబ్బా

నిన్న సాయంత్రం నారాయణగూడ చౌరస్తా దగ్గర ఒక బేకరీలో నిలబడి టీ తాగుతున్నాను. అప్పుడే పొయ్యిలోంచి తీసిన బిస్కెట్ల వెన్న వాసన కమ్మగా వస్తోంది. నా పక్కన, చంకలో పోటీ పరీక్షల పుస్తకాలు పెట్టుకున్న ఒక అమ్మాయి కప్పు అందుకోబోయింది. అది ఒలికి నోట్సు మీద పడింది. "అబ్బ, బ్లడీ టీ" అంది. ఎవరినీ కాదు, టీని. ఆ మాట చెవిన పడగానే నా చెయ్యి దానంతట అదే హ్యాండ్‌బ్యాగులోకి వెళ్ళి ఒక చిన్న అట్టముక్కను, పెన్నును బయటికి తీసింది. మాట: బ్లడీ. ఎవరు: విద్యార్థిని. ఎవరిని: టీని. తర్వాత ఏమైంది: బేకరీ అతను ఏమీ అనకుండా ఇంకో కప్పు పోసి ఇచ్చాడు. ఇలా నాలుగు వరసలు రాసి తలెత్తేసరికి ఆ అమ్మాయి నన్నే చూస్తోంది. ఏం రాస్తున్నానని అడిగితే ఏం చెప్పాలో తెలియక, టీ పూర్తిగా తాగకుండానే బయటికి వచ్చేశాను.

ఈ పిచ్చి అలవాటును నాకు అంటించింది సుభద్ర గారు. చిక్కడపల్లిలో గ్రంథాలయానికి వెళ్ళే దారిలో ఒక పాత మేడ మీద ఒకే ఒక్క గదిలో ఆవిడ అనువాదాల ఆఫీసు ఉండేది. ప్రభుత్వ ఆఫీసులో అనువాదకురాలిగా రిటైరై, ఇంట్లో కూర్చోలేక ఆ గది కిరాయికి తీసుకున్నారు. దస్తావేజులు, కోర్టు కాగితాలు, పెళ్ళి సర్టిఫికెట్లు, ఫిర్యాదులు, ఏవి వచ్చినా ఇంగ్లీషు నుంచి తెలుగుకూ తెలుగు నుంచి ఇంగ్లీషుకూ మార్చి, కింద సీలు వేసి ఇచ్చేవారు. నేను అప్పుడు జనగామ వైపు మా ఊరి నుంచి వచ్చి, అశోక్‌నగర్ హాస్టల్లో ఉంటూ గ్రూప్స్‌కు చదువుతున్నాను. మధ్యాహ్నాలు చేసుకోవడానికి ఏదైనా పని దొరుకుతుందేమోనని వెతుకుతుంటే, మెట్ల దగ్గర గోడకు అంటించిన కాగితం కనిపించింది. టైపింగ్ వచ్చి, రెండు భాషలు చదవగలిగిన అమ్మాయి కావాలని అందులో ఉంది.

పైకి వెళ్ళాను. సన్నగా, పొట్టిగా, పెద్ద కళ్ళద్దాలతో ఉన్న ఆవిడ నా సర్టిఫికెట్లు చూడనే లేదు.

"తిట్టడం వచ్చా?" అని అడిగారు.

నేను సరిగ్గానే విన్నానా అనుకున్నాను. "మా ఇంట్ల ఎవ్వరు తిట్టరు మేడమ్" అన్నాను, కాస్త గర్వంగానే.

"అయ్యో. మరి అనువాదం ఎలా చేస్తావమ్మా? మనకొచ్చే కాగితాల్లో సగం ఎవరో ఎవరినో తిట్టినవే" అన్నారు. "పోనీ, మీ ఊళ్ళో బర్రె మొండికేస్తే ఏమంటారు?"

"బర్రెనెందుకు తిడ్తరు మేడమ్, పాలిస్తది గదా."

ఆవిడ చాలాసేపు నవ్వి, రేపటి నుంచి రమ్మన్నారు. నాకు మాత్రం కొంచెం కోపం వచ్చింది. ఇంత పెద్దావిడ ఇదేం అడగడం అనుకుంటూ మెట్లు దిగాను.

ఆవిడ బల్ల కింది అరలో ఒక బిస్కెట్ల రేకు డబ్బా ఉండేది. బిస్కెట్లే ఉంటాయనుకుని మొదటి వారమంతా దాని వంక ఆశగా చూశాను. ఒకరోజు ఆవిడే మూత తీసి చూపించారు. అందులో ఉన్నవి చీటీలు. ఇంటికి వచ్చిన శుభలేఖలను పెళ్ళి అయిపోయాక దాచి, వాటిని వేళ్ళంత ముక్కలుగా కత్తిరించి, వెనక తెల్లగా ఉన్న వైపు రాసుకునేవారు. ఒకవైపు చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి, పసుపు అంటిన మూల. రెండోవైపు ఒక ఇంగ్లీషు తిట్టు. ఆవిడ పోగేసినవి పెద్ద తిట్లు కూడా కావు. అన్నిటికన్నా ఎక్కువగా ఉన్నది ఒకే ఒక్క మాట, బ్లడీ. ప్రతి చీటీ మీదా నాలుగు వరసలు: మాట, ఎవరు, ఎవరిని, తర్వాత ఏమైంది. సిటీ బస్సు కండక్టరు, చినిగిన నోటును. ప్రయాణికుడు నవ్వి వేరే నోటిచ్చాడు. కాచిగూడ స్టేషన్లో టీటీ, కుర్రాడిని, కుర్రాడు దిగిపోయాడు. డాక్టరు, వర్షాన్ని, ఏమీ కాలేదు. వందల చీటీలు ఇలాగే ఉన్నాయి.

"అర్థం రాయలేదేంది మేడమ్?" అని అడిగాను.

"నాలుగో వరసే అర్థం" అన్నారు.

ఈ పని ఎందుకు మొదలైందో ఒక మధ్యాహ్నం, కరెంటు పోయి ఇద్దరం కిటికీ దగ్గర కూర్చున్నప్పుడు చెప్పారు. రాజధాని కర్నూలు నుంచి ఇక్కడికి మారినప్పుడు ఫైళ్ళతో పాటు వచ్చిన గుమాస్తాల్లో వాళ్ళ నాన్నగారు ఒకరు. ఆవిడకు పదేళ్ళప్పుడు ఒకరోజు ఆయన ఆఫీసు నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, పీట మీద కూర్చుని, విస్తరి ముందు నుంచి లేచిపోయారట. పెద్ద ఆఫీసరు అందరి ముందూ బ్లడీ ఫూల్ అన్నాడని తర్వాత తెలిసింది. ఫూల్ అంటే ఈవిడకు తెలుసు. ఆ ముందుమాటకు అర్థమేమిటని నాన్నను అడిగితే, ఆయన చాలాసేపు ఆలోచించి, "నాకూ తెలియదే" అన్నారట.

"అర్థం తెలియని మాటకి మనిషి అన్నం మానేశాడమ్మా. నాకు అది పట్టుకుంది" అన్నారు సుభద్ర గారు. "గ్రంథాలయానికెళ్ళి పెద్ద నిఘంటువు తీయించాను. మర్యాదస్తులు వాడని మాట అని రాసుంది. మర్యాదస్తుడు కాదు కాబట్టే అన్నాడని నాకూ తెలుసు. అది కాదుగా నేనడిగింది."

అప్పటి నుంచి ఆ మాట వెంట పడ్డారు. అది ఎక్కడ పుట్టిందో ఆవిడకు తెలిసిన కథలన్నీ నాకు చెప్పేవారు, దేన్నీ పూర్తిగా నమ్మకుండా. మేరీ మాత మీద ఒట్టు అనే మాట నోళ్ళలో నలిగి ఇలా అయిందని కొందరంటారు; ఆధారాలు చాలవు అనేవారు. పూర్వం ఇంగ్లీషువాళ్ళ దేశంలో తాగి వీధుల్లో అల్లరి చేసే జమీందారీ కుర్రాళ్ళకు రక్తం పేరుతో ఒక ముద్దుపేరుండేదని, వాళ్ళలా తాగాడు అనడం నుంచి వచ్చిందని మరికొందరు. వినడానికి బావుంది అనేవారు. అవేవీ కావు, ఉత్త రక్తమే, మనం చచ్చేంత ఆకలి అన్నట్టు గట్టిగా చెప్పడానికి వాడగా వాడగా మిగిలిందని ఇంకొందరు. దీనికి కొంచెం తల ఊపేవారు. ఒక కాలంలో అక్కడ అది ఎంత పెద్ద తప్పు మాటంటే, అచ్చులో మొదటి అక్షరమూ చివరి అక్షరమూ వేసి మధ్యలో గీత గీసేవారట. సముద్రం దాటి ఇంకో దేశం వెళ్ళేసరికి అదే మాట ఉప్పులాగా అన్నిట్లోనూ పడింది. "మా నాన్న అన్నం మానేసిన మాటతో అక్కడ వాళ్ళు వానెప్పుడు తగ్గుతుందని అడుగుతారు" అన్నారు. అంతవరకూ ఆవిడది ముసలితనపు సరదా అనుకున్నందుకు సిగ్గుపడ్డాను.

అయినా ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా ఆ మాటను నేను పైకి అనలేదు. "ఆ మాట మేడమ్" అనేదాన్ని. "ఆ మాటకు పేరుంది రజితా" అని ఆవిడ ఆటపట్టించేవారు.

ఆవిడ ఆఫీసుకు ఒకే ఒక్క నియమం ఉండేది. పైకి చదవనిదే ఏ కాగితమూ గడప దాటకూడదు. అనువాదం పూర్తయ్యాక మొదటి నుంచి చివరి దాకా గొంతెత్తి చదవాలి, రెండోవాళ్ళు వినాలి. వినేవాళ్ళు లేకపోతే గోడకు వినిపించాలి. కంటికి కనిపించని తప్పు నోటికి తగులుతుందని ఆవిడ నమ్మకం. నాకు మాత్రం ఆ చదువుడు పెద్ద చాదస్తంగా తోచేది. హాస్టల్లో స్నేహితులకు ఆవిడ గొంతును అనుకరించి చూపించి నవ్వించేదాన్ని కూడా.

ఆవిడ కంటి శుక్లానికి ఆపరేషన్ చేయించుకుని పదిహేను రోజులు ఇంట్లో ఉన్నప్పుడు ఆఫీసు నాకు అప్పగించారు. సీలు, సంతకం అధికారం, అన్నీ. రెండో రోజు నారాయణగూడలోని ఒక ప్రైవేటు కాలేజీ నుంచి క్లర్కు ఒకతను వచ్చాడు. కొత్తగా చేరిన ఒక లెక్చరరు, అటెండరు యాదగిరి మీద ఇంగ్లీషులో ఇచ్చిన ఫిర్యాదు అది. విచారణ కమిటీలో పెద్దలు తెలుగే చదువుతారట. అటెండరుకూ అతనికి తెలిసిన భాషలోనే ప్రతి ఇవ్వాలట. "జల్దీ ఇయ్యండి మేడం, కమిటీ కూసుంటది" అని బెంచీ మీద కూర్చుని నా వైపే చూస్తున్నాడు.

చిన్న ఫిర్యాదు. విద్యార్థుల ఎదుట, తన సమక్షంలో అతను బ్లడీ అనే పదం వాడాడని, మందలించాలని. టైపు చేస్తూ ఆ మాట దగ్గర ఆగిపోయాను. చిన్నప్పుడు మా బడిలో ఒక పిల్లాడు ఆ మాట అన్నందుకు సారు వాడి అరచేతులు వాచేలా కొట్టడం గుర్తొచ్చింది. పైగా కింద ఉండేది నా సంతకం. తెలుగు అక్షరాల్లో దాన్ని రాసి, నా పేరు పెట్టి, మగవాడి చేతికివ్వడమా అనిపించింది. మన పుస్తకాల్లో, పేపర్లలో పెద్దవాళ్ళు చేసే పనే కదా అని, ఆ చోట చుక్కలు పెట్టాను. ఎనిమిది చుక్కలు. ఎంతో మర్యాదగా చేశాననుకున్నాను. పైకి చదవలేదు. అతను వింటున్నాడు, ఎలా చదువుతాను? సీలు వేసి ఇచ్చేశాను.

సుభద్ర గారు నల్లద్దాలు పెట్టుకుని మళ్ళీ ఆఫీసుకు వచ్చిన రోజునే యాదగిరి వచ్చాడు. యాభై దాటిన మనిషి, గడ్డం మాసి ఉంది. పనిలోంచి తీసేయవద్దని కాలేజీ వాళ్ళకు ఇంగ్లీషులో ఒక దరఖాస్తు కావాలన్నాడు. కాగితం కింద మా సీలు చూసి, ఇక్కడైతే సంగతి తెలుసుంటుందని వచ్చాడట. ఆ కాగితాన్ని చూడగానే గుర్తుపట్టాను.

"ఏం జరిగిందో చెప్పండి" అన్నారు సుభద్ర గారు.

"ల్యాబుల ఫ్యాను రోజు ఆగుతది మేడమ్. ఆ దినం స్టూలెక్కి తిప్పుతుంటె వేలు తెగింది. బ్లడీ ఫ్యాను అన్న. పాత సైన్సు సారు ఏది కరాబైనా గదే అంటుండె, నాకు గట్లనే నోటికొచ్చింది. కొత్త మేడమ్ అప్పుడే లోపల్కొచ్చిన్రు."

"కమిటీలో ఏమడిగారు?"

"గీ మాట అన్నవా లేదా అన్నరు. అన్న అని చెప్పిన. అబద్ధమెందుకు?"

"ఏ మాటని అడిగారు?"

యాదగిరి కొంచెం తడబడ్డాడు. "ఎవ్వరు నోటితోని చెప్పలే మేడమ్. కాగితం నా దిక్కు తిప్పి గీ చుక్కల మీద వేలు పెట్టిన్రు. అన్ననని ఒప్పుకోంగనే పెద్దసారు చెవులు మూసుకున్నడు. ఇరవై ఆరేండ్ల సర్వీసు, ఇట్ల అంటవనుకోలే అన్నడు." వేలి మీది మచ్చను తడుముకున్నాడు. "నా బిడ్డ గదే కాలేజీల డిగ్రీ చదువుతది. ఆడిపిల్లల ముంగట మీ నాయిన ఏమన్నడో నోటితోని చెప్పరానిది అంటున్నరట దాన్ని. నేను ఫ్యాన్ను అన్న అంటె నమ్ముతలేదు. ఫ్యాన్ను అంటె సస్పెండ్ చేస్తరా నాయినా అంటది. పన్నెండు దినాలాయె నాతోని మాట్లాడక."

సుభద్ర గారు ఆ కాగితాన్ని అందుకుని, కొత్త కంటికి దగ్గరగా పెట్టుకుని, అలవాటు ప్రకారం పైకి చదవడం మొదలుపెట్టారు. "నా సమక్షంలో, విద్యార్థుల ఎదుట, శ్రీ యాదగిరి..." అక్కడ ఆగారు. ఇంకోసారి మొదటి నుంచి చదివి అక్కడే ఆగారు. తర్వాత నా వైపు చూశారు. అరిచి ఉంటే బావుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

"ఈ చోట ఏం చదవాలమ్మా?" అని మాత్రం అడిగారు.

నేను ఏడ్చేశాను. యాదగిరికి ఏమీ అర్థం కాక, మంచినీళ్ళ సీసా నా ముందుకు జరిపాడు. అది నన్ను ఇంకా ఏడిపించింది. తెలుగు తెలిసిన ప్రతి మనిషికీ తన తన బుర్రలో తనకు తెలిసిన అన్నిటికన్నా ఘోరమైన మాట ఒకటి ఉంటుంది. నేను పెట్టిన చుక్కల్లో ఆ కమిటీలోని ఐదుగురూ ఎవరి మాటను వాళ్ళు చదువుకున్నారు. అమ్మనీ ఆలినీ కలిపి తిట్టాడనుకున్నారు. అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

"మీరు ఒక లెటర్ రాస్తె సరిపోదా మేడమ్?" అన్నాను, అతను వెళ్ళాక.

"సరిపోవచ్చు. కానీ ఇదంతా చేసింది కాగితమే కదా. రేపు నువ్వు వెళ్ళి వాళ్ళ ముందు పైకి చదువు."

"నేనా?"

"నేను చదివితే ముసలిది ఏదో అంటోందిలే అనుకుంటారు. సంతకం నీది" అన్నారు. తర్వాత మెల్లగా, "నేనూ వస్తాలే, బయట కూర్చుంటాను" అన్నారు.

మర్నాడు ఉదయం కాలేజీలో పొడవాటి బల్లకు అటువైపు ఐదుగురు కూర్చున్నారు. వరండాలో సుభద్ర గారు, యాదగిరి ఒకే బెంచీ మీద ఉన్నారు. మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాను. చుక్కలు దగ్గరపడుతుంటే ఒకాయన చెయ్యెత్తి, "అమ్మా, అది వద్దులే, మాకు తెలుసు" అన్నాడు.

"తెల్వదు సార్" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఇక్కడ ఉన్న మాట బ్లడీ. ఇంగ్లీషు కాగితంల సాఫ్‌గ ఉంది. యాదగిరన్న గది ఫ్యాన్ను అన్నడు. చుక్కలు నేను పెట్టిన."

ఒకరు ఫైలు వెనక్కి తిప్పి ఇంగ్లీషు కాగితం వెతికారు. చివరికి తెల్లటి ఖద్దరు చొక్కాలో ఉన్న అధ్యక్షులవారు, "గంతేనా?" అన్నారు. "మా లారీ డ్రైవర్లను నేను రోజు గట్లనే అంటనమ్మా."

"మరి చుక్కలెందుకు పెట్టినవు?" అని పక్కనాయన అడిగాడు.

"సిగ్గయింది సార్."

లెక్చరరును పిలిచి అడిగితే ఆవిడ తెల్లబోయింది. తను మందలించమన్నదే తప్ప, వ్యవహారం ఇంత దూరం ఎందుకు వెళ్ళిందో ఆవిడకూ అర్థం కాలేదట. పిల్లల ముందు మాట జాగ్రత్త అని చెప్పి, యాదగిరిని ఆ మధ్యాహ్నమే పనిలోకి తీసుకున్నారు. వరండాలోకి వచ్చి నేను చెప్పగానే అతను నాకు దండం పెట్టబోయాడు. నేను వెనక్కి జరిగాను. ఆ దండం ఎలా తీసుకోను? తప్పు నాది కదా.

వారం తర్వాత యాదగిరి మేడ మెట్లెక్కి వచ్చి, "నిన్న బిడ్డ అన్నం పెట్టింది మేడమ్. పక్కన కూసోని తినిపిచ్చింది" అని ఆ ఒక్క ముక్క సుభద్ర గారికి చెప్పి వెళ్ళిపోయాడు. ఆవిడ కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడిచారు. ఆపరేషన్ చేసిన కన్ను నీరు కారుతోందన్నారు. వాళ్ళ నాన్నగారు గుర్తొచ్చి ఉంటారని నాకు తెలుసు, అడగలేదు.

నేను ఇంకో రెండేళ్ళు అక్కడే పనిచేశాను. గ్రూప్స్ రాలేదు కానీ, ఆవిడ చేసిన ఉద్యోగంలాంటిదే, ఒక ప్రభుత్వ ఆఫీసులో అనువాదకురాలి ఉద్యోగం వచ్చింది. చూపు బాగా తగ్గాక ఆవిడ గది ఖాళీ చేసి, రేకు డబ్బాను నా చేతిలో పెట్టారు. "ఇంటికెళ్ళాక తెరువు" అన్నారు. ఆవిడ పోయి ఇప్పటికి రెండేళ్ళు.

డబ్బా ఇచ్చిన రోజు ఇంటికెళ్ళి మూత తీస్తే అన్నిటికన్నా ముందున్న చీటీలో మాట అని ఉన్న చోట ఎనిమిది చుక్కలు పెట్టి ఉన్నాయి. ఎవరు: రజిత. ఎవరిని: యాదగిరిని. తర్వాత ఏమైంది: పన్నెండు రోజులు ఒక ఇంట్లో కూతురు తండ్రితో మాట్లాడలేదు. దాని కింద, వేరే సిరాతో, కొత్త కంటితో రాసిన వంకర అక్షరాల్లో: పదమూడో రోజు తనే వెళ్ళి పైకి చదివింది.

మా ఇంట్లో ఎవరూ తిట్టరని చెప్పి ఆ పనిలో చేరినదాన్ని. ఆ డబ్బాలో ఉన్న వందల చీటీల్లో మనిషిని ఇంత గట్టిగా తాకిన మాట ఇంకోటి లేదు, అది నేనన్నది. ఇప్పుడు మా సెక్షన్లో నేను ప్రతి కాగితాన్నీ గొంతెత్తి చదువుతుంటే పక్క సీట్లవాళ్ళు నా వెనక నన్ను అనుకరిస్తారని తెలుసు. అనుకరించుకోనీ. ఆ చీటీని డబ్బాలో ఉంచలేదు. హ్యాండ్‌బ్యాగులో, ఖాళీ అట్టముక్కల మీద పైన ఉంటుంది. ఏ మాట రాయాలని చెయ్యి పెట్టినా ముందు అదే తగులుతుంది. నిన్న రాత్రి ఆ టీ చీటీని దాని వెనక పెట్టాను.